బీల, తంపర, వంతు: సోంపేట–కాకరాపల్లి దీక్షా శిబిరాల సాంస్కృతిక పరిశీలన

వ్యాస సంగ్రహం:

శ్రీకాకుళం జిల్లా ఉద్దాన తీరంలో సోంపేట బీల, టెక్కలి ప్రాంతంలో కాకరాపల్లి తంపర థర్మల్ విద్యుత్ కేంద్రాల వ్యతిరేక ఉద్యమాలకు వేదికలయ్యాయి. ఈ ఉద్యమాల జ్ఞాపకం ప్రధానంగా పోలీసు కాల్పులు జరిగిన రెండు తేదీల చుట్టూ అల్లుకుంది. వ్యవసాయ కులాలనూ మత్స్యకార కులాలనూ ఒకచోట కూర్చోబెట్టిన రిలే నిరాహార దీక్షా శిబిరానికి దక్కవలసిన విమర్శనాత్మక పరిశీలన దక్కలేదు. ఆ శిబిరం ఐక్యతను ప్రకటించిన వేదిక మాత్రమే కాదని, ‘వంతు’ అనే పాత గ్రామీణ పద్ధతి ద్వారా ఐక్యతను రోజురోజుకూ సాధన చేసిన రూపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ రూపానికున్న పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: ఉద్దానం, బీల, తంపర, రిలే దీక్ష, వంతు, మత్స్యకారులు, జముకుల కథ, శ్రీకాకుళ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలో ఇటీవలి ప్రజా ఉద్యమాల ప్రస్తావన వస్తే రెండు తేదీలు ముందుగా గుర్తుకు వస్తాయి. 2010 జూలై 14న సోంపేట బీల వద్ద, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి ప్రాంతంలో థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకిస్తున్న గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఆ మరణాలు ఈ ప్రాంతపు సామూహిక జ్ఞాపకంలో నిలిచిపోవడం సహజం, న్యాయం కూడా.

అయితే స్మరణ రూపాలకు ఒక లక్షణం ఉంది. పత్రికా కథనం, సంస్మరణ సభ, స్థూపం, నివాళి కవిత – ఇవన్నీ తేదీ చుట్టూ ఏర్పడే రూపాలు. రక్తం చిందిన రోజును అవి గట్టిగా పట్టుకుంటాయి. ఏమీ జరగనట్టు కనిపించే రోజులు వాటికి చిక్కవు. సోంపేటలో 2009 చివర మొదలైన రిలే నిరాహార దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. కాకరాపల్లిలో కూడా కాల్పులకు ముందు నెలల తరబడి దీక్షా శిబిరం నడిచింది. ఆ రోజుల్లో అత్యధికం సంఘటన లేని రోజులే. కొందరు వచ్చి పందిరి కింద కూర్చున్నారు, సాయంత్రం లేచారు, మరునాడు మరికొందరు వచ్చారు.

ఈ వ్యాసం దృష్టి ఆ సంఘటన లేని రోజుల మీద ఉంది. వృత్తి, కులం, నివాసం పరంగా వేరువేరుగా బతికే రెండు సమూహాలు ఒకే పందిరి కిందకు ఎలా వచ్చాయి? అలా రావడానికి వాటికి ఏ భాష, ఏ రూపం తోడ్పడ్డాయి? ఆ కలయిక ఎంత దూరం నిలిచింది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడం దీని ఉద్దేశం.

2. తీరం – రెండు జీవికలు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానమే ఉద్దానమైందని ఆ ప్రాంతంలో వాడుక. కొబ్బరి, జీడి, పనస తోటలు దాని గుర్తులు. ఆ జీడిపిక్క పలాస–కాశీబుగ్గ కర్మాగారాలకు చేరుతుంది. దక్షిణాన టెక్కలి వైపు సాగితే నౌపడ ఉప్పు మడులు, విదేశీ వలస పక్షులకు పేరుపొందిన తేలినీలాపురం కనిపిస్తాయి. ఈ తీరమంతటా ఇసుక దిబ్బలకూ లోపలి పొలాలకూ మధ్య పల్లపు నేలలు, ఉప్పుటేర్లు, నీటి మడుగులు ఉన్నాయి. సోంపేట పరిసరాల్లో అటువంటి నేలను బీల అంటారు. కాకరాపల్లి వైపు తంపర అంటారు.

ఈ పల్లానికి ఒక గట్టున రైతుల ఊళ్లు, మరో గట్టున మత్స్యకారుల పేటలు ఉంటాయి. కాళింగులు మొదలైన వ్యవసాయ కులాలు ఒకవైపు, సముద్రంలో వేట సాగించే కులాలు మరోవైపు. బీలల్లో, చెరువుల్లో వేట సాగించే కేవిటి వంటి కులాలు ఈ రెంటికీ మధ్య ఉంటాయి. ఉత్తరాన ఒడియా మాతృభాషగా గలవారు కూడా గణనీయంగా ఉన్నారు. సంతలో వీరందరూ కలుస్తారు. చేపల గంప ఊళ్లోకి వస్తుంది, బియ్యం పేటకు వెళ్తుంది. కాని పెళ్లిళ్లు వేరు, కులపెద్దలు వేరు, ఏడాదిని లెక్కించే పద్ధతి కూడా వేరు. రైతుకు ఏడాది కార్తెలతో నడుస్తుంది. మత్స్యకారునికి అది గాలి, పోటు, వేట నిషేధ కాలాలతో నడుస్తుంది. ఇక్కడ రెండు సమూహాల మధ్య కంచె లేదు, గోడ లేదు. పరస్పర అవసరం ఉంది, పరస్పర పరిచయం కూడా ఉంది. లేనిది ఒకచోట సమానంగా కూర్చునే సందర్భం.

థర్మల్ కేంద్రం ప్రతిపాదన ఈ స్థితిని కదిలించింది. 2008లో సోంపేట బీలలో 972 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి చెందిన విద్యుత్ ప్రాజెక్టుకు కేటాయించారు. మొత్తం 2,640 మెగావాట్ల సామర్థ్యం దాని లక్ష్యం. కాకరాపల్లి తంపరలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ కేంద్రం తలపెట్టారు. బొగ్గు కేంద్రం రెండు సమూహాలనూ రెండు దారుల్లో తాకుతుంది. బూడిద, పొగ, భూగర్భ జలం మీద ఒత్తిడి తోటలకూ పొలాలకూ సంబంధించిన భయాలు. సముద్రపు నీటిని తోడడం, వేడి నీటిని తిరిగి వదలడం వేటకు సంబంధించిన భయాలు. పల్లాన్ని పూడిస్తే వర్షాకాలపు నీరు ఎటు పోతుందన్నది ఇద్దరికీ సంబంధించిన భయం. ప్రమాదానికి మూలం ఒక్కటే అయినా అది ఇద్దరికీ ఒకే విధంగా కనిపించదు. కాబట్టి ఉమ్మడి ప్రమాదం దానంతటదే ఉమ్మడి ఉద్యమాన్ని పుట్టించిందనే సులభ వివరణ చాలదు.

3. ఒక పదం, పలు అర్థాలు

ఈ ఉద్యమంలో తొలి వివాదం నేలకు సంబంధించినదే అయినా అది మాటల్లో మొదలైంది. పరిపాలనా భాషలో ఈ పల్లపు నేల నిరుపయోగ భూమి. శిస్తు రాని నేల, పట్టా లేని నేల ఆ లెక్కలో ఎవరిదీ కానిదిగా మారుతుంది. తీర గ్రామాల భాషలో దానికి ఒక పేరుంది. ‘బీల’ అనగానే అక్కడివారికి ఒక ప్రదేశంతో పాటు ఒక పనుల జాబితా కూడా స్ఫురిస్తుంది. రైతుకు బీల అంటే వాననీటిని పట్టి ఉంచి, పొలానికీ తోటబావికీ తడినిచ్చే నిల్వ. వేటగానికి అది సముద్రం మీదికి వెళ్లలేని రోజుల్లో చేప దొరికే చోటు. భూమి లేని కుటుంబానికి అది పశువుల మేత, గడ్డి, వంటచెరకు.

ఈ పదానికి ఇరుగుపొరుగు భాషల్లో వినిపించే పోలికలు ఆసక్తికరమైనవి. ఒడియాలో ‘బిల’ అంటే వరిపొలం. బెంగాలీలో ‘బిల్’ అంటే చేపలుండే లోతట్టు నీటి మడుగు. వ్యుత్పత్తి నిర్ణయం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒకే ధ్వనికి ఒకచోట పొలమనీ, మరొకచోట చేపల మడుగనీ అర్థాలు ఉండగా, ఆ రెండు అనుభవాలూ సోంపేట తెలుగులో ఒకే నేల మీద కలిసి ఉన్నాయన్నది గమనించవలసిన విషయం. రైతు ‘మా బీల’ అన్నప్పుడూ, మత్స్యకారుడు ‘మా బీల’ అన్నప్పుడూ ఇద్దరూ ఒకే మాట పలుకుతున్నారు. చెబుతున్నది మాత్రం వేరు. ఉద్యమం ఆ తేడాను తొలగించి ఒకే నిర్వచనాన్ని రుద్దలేదు. ‘ఇది నిరుపయోగం కాదు’ అనే ఒక్క ఖండనలో అన్ని ఉపయోగాలకూ చోటు దొరికింది. రెండు సమూహాల భేదం చెరగకుండానే ఒక మాట ఇద్దరిదీ కావడం ఈ ఉద్యమ భాషకున్న మొదటి బలం.

పేరు న్యాయపరంగా కూడా పనిచేసింది. బీల చిత్తడి నేల అవునా కాదా అన్నది పర్యావరణ అనుమతి వివాదంలో కీలకమైంది. జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ సోంపేట కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు వెలువడినది కాల్పులు జరిగిన 2010 జూలై 14వ తేదీనే. ఢిల్లీలో కాగితం మీద నేల తన పేరును తిరిగి పొందిన రోజే బీల గట్టున తుపాకీ పేలింది. తేదీ చుట్టూ తిరిగే స్మరణలో సైతం ఈ రెండో సగం తరచు మరుగున పడుతుంది.

4. వంతు – శిబిర వ్యాకరణం

రిలే నిరాహార దీక్ష తెలుగునాట ఎంత పరిచితమంటే దాని రూపాన్ని గమనించడం మానేశారు. పందిరి, పట్టా, వెనుక ఫ్లెక్సీ, ఎన్నో రోజో తెలిపే అంకె, ఉదయం దండలు, సాయంత్రం నిమ్మరసం – ఇంతే దాని సామగ్రి. ఆమరణ దీక్షలో ఒక వ్యక్తి శరీరం కేంద్రమవుతుంది. ఆ వ్యక్తి ఆరోగ్యం క్షీణించే కొద్దీ కథ తీవ్రమవుతుంది. రిలే దీక్షలో అటువంటి నాయకుడు లేడు. ఇవాళ కూర్చున్నవారు రేపు పొలంలోనో పడవ మీదో ఉంటారు. దీక్ష కొనసాగుతుంది, దీక్షపరులు మారుతారు. నాటకీయత లేకపోవడం దాని లోపంగా చెబుతారు. దీర్ఘకాలం నిలవగలగడానికి అదే కారణం.

‘రిలే’ అనే ఆంగ్ల పదం కింద ఒక పాత తెలుగు పద్ధతి ఉంది. అది వంతు. ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి: తన పాలికి వచ్చే భాగం ఒకటి, తన పాలికి వచ్చే తరుణం మరొకటి. ‘నా వంతు నాకివ్వు’ అన్నప్పుడు అది హక్కు. ‘ఇవాళ నా వంతు’ అన్నప్పుడు అది బాధ్యత. కాలువ నీటిని రైతులు వంతుల మీద పారించుకుంటారు. ఉత్సవ ఖర్చును ఊరు వంతులు వేసుకుంటుంది. కలిసి వేటకు వెళ్లినవారు పట్టుబడిని వంతులుగా పంచుకుంటారు. రైతు ఊరికీ మత్స్యకారుల పేటకూ విడివిడిగా తెలిసిన ఈ పద్ధతిని శిబిరం ఇద్దరికీ కలిపి అమలు చేసింది. ఈ రోజు ఒక ఊరి వంతు, రేపు ఇంకొక పేట వంతు.

దీని ఫలితం సూక్ష్మమైనది. బహిరంగ సభలో ‘రైతులూ మత్స్యకారులూ ఏకం కావాలి’ అని పిలుపునివ్వడం వేరు. మత్స్యకారులు వేటకు వెళ్లిన రోజున రైతులు కూర్చుని శిబిరాన్ని నిలపడం, కోతల రోజుల్లో ఆ పని మత్స్యకారులు చేయడం వేరు. రెండో దానిలో ఒకరి పని క్యాలెండరును ఇంకొకరు తెలుసుకోక తప్పదు. రెండు జీవికల కాలాలు వేరు కావడం మామూలు రోజుల్లో దూరానికి కారణం. వంతుల పద్ధతిలో అదే సౌకర్యమైంది. ఇద్దరికీ ఒకేసారి తీరిక లేకపోవడం వల్లనే శిబిరం ఖాళీ పడకుండా నిలవగలిగింది.

సోంపేటలో పర్యావరణ పరిరక్షణ సంఘం, స్థానిక వైద్యుడు వై. కృష్ణమూర్తి వంటి వారు ఉద్యమానికి సంఘటిత రూపాన్నిచ్చారు. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు దానికి సాంకేతిక, న్యాయ వాదనను సమకూర్చారు. ఈ పేర్లు చరిత్రలో నిలుస్తాయి, నిలవాలి. అయితే వంతు పద్ధతిలో ప్రధాన పాత్ర పేరు నమోదు కాని వారిది, అందులోనూ స్త్రీలది. చేపల గంప దించి వచ్చిన స్త్రీ, జీడితోట పని మానుకుని వచ్చిన స్త్రీ సంతలో ఎదురెదురుగా బేరమాడుకునేవారు. పందిరి కింద వారు పక్కపక్కన కూర్చున్నారు. ఆ పక్కపక్కన కూర్చోవడమే శిబిరం సృష్టించిన కొత్త సామాజిక సంబంధం.

5. శ్రీకాకుళ సాహిత్య సంప్రదాయంలో ‘కూర్చోవడం’

శ్రీకాకుళం పేరు వినగానే తెలుగు సాహిత్య విమర్శకు కొండ, అడవి, సాయుధ పోరాటం స్ఫురిస్తాయి. 1960ల చివరి ఉద్యమంలో ఉద్దానం కూడా కేంద్రమే. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రాజకీయ ప్రచార రూపంగా మలిచి, 1969లో ప్రాణాలు కోల్పోయాడు. ఆ సంప్రదాయం నుంచి ఈ ప్రాంత సాహిత్యానికి అమరత్వం ప్రధాన భావచిత్రంగా సంక్రమించింది. బీల, తంపర ఉద్యమాలను కూడా ఆ భావచిత్రంలోనే చదవడం అలవాటయింది. కాని ఈ ఉద్యమాల రోజువారీ రూపం అడుగు ముందుకు వేసే దళానిది కాదు, చోటు విడవకుండా కూర్చునే గుంపుది. దానికి తగిన పోలికలు అదే సాహిత్యంలో ఇంకొకచోట ఉన్నాయి.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ అందుకు మంచి ఉదాహరణ. సుందరపాలెంలో ఒక అప్పు తగాదా మీద ఊరు రోజుల తరబడి కూర్చుంటుంది. అందరూ మాట్లాడతారు, అందరూ వింటారు. కాని ఆ కూర్చోవడంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి మాటకు విలువో ముందే నిర్ణయమై ఉంది. తీర్పు పైనుంచి వస్తుంది, భారం కింద పడుతుంది. ధర్మం పేరుతో సాగే ఆ సభలో ఊరంతా ఉన్నా ఊరు ఒకటి కాదు. అదే రచయిత ‘జీవధార’లో నీటి కోసం పేద స్త్రీలు సంపన్నుని ఆవరణలోకి గుంపుగా నడుస్తారు. అక్కడ తీర్పరి లేడు. అవసరమే వారిని ఒకటి చేస్తుంది, ఉనికే వారి వాదన అవుతుంది.

దీక్షా శిబిరాన్ని ఈ రెండు కథల మధ్య ఉంచి చదవవచ్చు. ‘యజ్ఞం’లోని సభ వలె అది దీర్ఘకాలం సాగుతుంది, ‘జీవధార’లోని గుంపు వలె తీర్పరి లేకుండా నడుస్తుంది. జముకుల కథ నుంచి కూడా దానికి ఒక పోలిక తీసుకోవచ్చు. అమరత్వాన్ని పక్కన ఉంచి ఆ కళారూపం నిర్మాణాన్ని చూస్తే, కథకుడు ఒక్కడే కథ నడపలేడు. వంత పాడేవారు అందుకోవాలి. వారు అందుకున్నప్పుడే కథకునికి ఊపిరి తీసుకునే వీలు కలుగుతుంది. శిబిరంలో ఒక ఊరు విరమించేసరికి ఇంకొక ఊరు అందుకోవడం ఇటువంటిదే. పాణిగ్రాహి వారసత్వాన్ని ప్రాణత్యాగంలో మాత్రమే వెదికే విమర్శకు ఈ పోలిక కనిపించదు.

6. శిబిరానికి అవతల: పోలిక, పరిమితులు

శిబిరం రెండు సమూహాల మధ్య వంతెన కావడం ఒక్క ఉద్దానానికే పరిమితం కాదు. ఇదే కాలంలో, 2011 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు, సైప్రస్ రాజధాని నికోసియాలో గ్రీకు, తుర్కీ సైప్రస్ యువత నగరాన్ని చీల్చే తటస్థ మండలంలో శిబిరం వేసింది. అక్కడ విభజన రేఖ పటం మీద ఉంది, ఐక్యరాజ్యసమితి కాపలాలో ఉంది. దాటవలసిన గీత కంటికి కనిపిస్తుంది కనుక అక్కడ కూర్చోవడమే ధిక్కారమైంది. ఉద్దానంలో గీత కనిపించదు. అది కులంలో, వృత్తిలో, ఇంటి పేరులో ఉంది. కనిపించని గీతను ఒక్క రోజు సాహసంతో దాటలేరు. దానికి చాలా రోజులు, చాలా వంతులు కావాలి. నికోసియా శిబిరం కొద్ది నెలల్లో పోలీసు చర్యతో ముగిసింది. సోంపేట శిబిరం కాల్పుల తర్వాత కూడా కొనసాగింది. ఈ తేడాకు కారణాలు ఎన్నో ఉండవచ్చు. పని మానకుండా నిరసనలో ఉండే వీలు కల్పించిన వంతు పద్ధతి వాటిలో ఒకటి.

అయినా ఈ రూపాన్ని ఆదర్శీకరించడం సరికాదు. మొదటిది, ఒకే రూపం రెండు చోట్లా ఒకే ఫలితం ఇవ్వలేదు. సోంపేటలో కేంద్రం రాలేదు. కాకరాపల్లిలో కాల్పుల తర్వాత కూడా నిర్మాణం సాగింది, పూర్తికాకుండానే నిలిచిపోయింది. అంటే తంపర దక్కలేదు, కరెంటూ రాలేదు. 2011 ఫిబ్రవరి చివర వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయిన కుటుంబాలకు శిబిరపు ఐక్యత గురించిన ప్రశంస పెద్ద ఊరట కాదు. ఐక్యత గెలుపునకు అవసరమే కాని హామీ కాదని ఈ రెండు చోట్లనూ పక్కపక్కన ఉంచి చూస్తేనే తెలుస్తుంది. సోంపేటను మాత్రమే చెప్పే కథనం ఈ పాఠాన్ని దాచిపెడుతుంది.

రెండవది, పక్కపక్కన కూర్చోవడం సమానత్వానికి ఆరంభమే, ముగింపు కాదు. శిబిరంలో కూర్చునే వంతు అందరికీ వచ్చింది. మైకు ముందు మాట్లాడే వంతు, అధికారులతో చర్చలకు వెళ్లే వంతు అదే నిష్పత్తిలో వచ్చాయా అన్నది అడగవలసిన ప్రశ్న. భూమి లేని దళిత కుటుంబాలకు బీల మీద ఉన్న ఆధారం పట్టాదారు రైతు వాదనలో ఎంత వినిపించిందన్నది మరో ప్రశ్న. ‘రైతులు, మత్స్యకారులు’ అనే జంట పదం ఎంత అందమైనదైనా, ఆ జంటలో ఇమడని మూడో సమూహాన్ని అది మరుగుపరచగలదు.

మూడవది, ఈ వంతెన బీల మీద కట్టినది. బీల ప్రశ్న సద్దుమణిగాక రెండు సమూహాలూ తమ తమ జీవన క్రమాలకు తిరిగి వెళ్లాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది, పేటల్లో పడవలను, వలలను దెబ్బతీసింది. నష్టం మళ్లీ ఉమ్మడిదే. కాని పరిహారం తోటకు ఒక పద్దు కింద, పడవకు మరో పద్దు కింద లెక్కకు వచ్చింది. ప్రజలు శిబిరంలో కలిపిన వాటిని ప్రభుత్వ కాగితం యథాప్రకారం విడదీసింది.

7. ముగింపు

ఉద్దానం ప్రశ్నలు ముగియలేదు. అంతుచిక్కని మూత్రపిండాల వ్యాధి ఇప్పటికీ అక్కడి ఊళ్లను పీడిస్తోంది. సంతబొమ్మాళి తీరంలో మూలపేట ఓడరేవు నిర్మాణం సాగుతోంది. పలాస పరిసరాల్లో విమానాశ్రయ ప్రతిపాదన భూముల గురించి కొత్త ఆందోళన రేపింది. ఈ సందర్భాల్లో తోట వైపు ఊళ్లూ సముద్రం వైపు పేటలూ మళ్లీ మాట్లాడుకోవలసి వస్తుంది. వాటికి కాల్పుల తేదీలు ఎంత గుర్తుంటే అంత మంచిది. అంతకంటే అవసరమైనది, కూర్చునే పద్ధతి గుర్తుండడం.

సాహిత్య పరిశోధనకు ఇక్కడ స్పష్టమైన పని ఉంది. దీక్షాపరుల పేర్లు రాసుకున్న పుస్తకాలు, రోజుల సంఖ్య రాసిన పలకల ఛాయాచిత్రాలు, పందిరి కింద అప్పటికప్పుడు కట్టిన పాటలు, తెలుగు–ఒడియా కలగలిసిన నినాదాలు – వీటిని పాఠ్యాలుగా గుర్తించి సేకరించాలి. శిబిరంలో కూర్చున్న స్త్రీల మౌఖిక కథనాలను వారి మాండలికంలోనే నమోదు చేయాలి. వారిలో చాలామందికి వయసు పైబడింది. ఆలస్యమైతే మిగిలేది స్థూపం మీది తేదీ మాత్రమే.

వంతు అనే మాటలో హక్కు, బాధ్యత విడదీయరానివి. బీల మీద తమ వంతు ఉందని చెప్పడానికి తీర గ్రామాలు శిబిరంలో తమ వంతు కూర్చున్నాయి. సోంపేట, కాకరాపల్లి ఉద్యమాల సాంస్కృతిక సారం ఇదే. ఆ అనుభవాన్ని నమోదు చేసే వంతు ఇప్పుడు సాహిత్య చరిత్రది.